పాత పెట్రోలు కారు మిస్ కొడుతున్నప్పుడు: కొరాపుట్, రాయగడ, గంజాం వైపు కారు యజమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

జయపురం నుంచి బరంపురం వరకు, పర్లాకిమిడి నుంచి గుణుపురం వరకు మన తెలుగువారి ఇళ్ల ముందు ఇప్పటికీ ఓఆర్ నంబరు కార్లు కనిపిస్తాయి. ఒడిశాలో ఓడీ నంబర్లు 2012లో మొదలయ్యాయి కాబట్టి, ఓఆర్ పలక ఉన్న బండికి పదేళ్లు దాటి చాలా కాలమైనట్టే. ఈ పేజీలోని సమాధానాలు ముఖ్యంగా కార్బొరేటర్ (గాలిని, పెట్రోలును కలిపి ఇంజన్‌కు అందించే భాగం) ఉన్న మారుతి 800, ఓమ్ని, అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి బండ్లకు వర్తిస్తాయి. ఎంపీఎఫ్ఐ (కార్బొరేటర్‌కు బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే) బండ్ల గురించి చివరి వైపు కొంత ఉంది.

ప్ర: ‘మిస్సింగ్’ అంటే సరిగ్గా ఏమిటి?

నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ప్రతి సిలిండరూ రెండు చుట్లకు ఒకసారి మండాలి. ఇంజన్ స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా) నిమిషానికి 800 చుట్లు తిరుగుతోందనుకుంటే, ఒక్కో సిలిండరు నిమిషానికి 400 సార్లు, అంటే సెకనుకు దాదాపు ఏడు సార్లు మండుతున్నట్టు. వాటిలో కొన్ని మండకుండా పోవడాన్నే మన వర్క్‌షాపుల్లో మిస్సింగ్ అంటారు. మూడు సిలిండర్ల మారుతి 800లో ఒకటి పూర్తిగా చచ్చిపోతే శక్తిలో మూడో వంతు పోతుంది కాబట్టి స్టీరింగు చేతిలోనే వణుకుతుంది. నాలుగు సిలిండర్ల అంబాసిడర్‌లో అదే లోపం కొంత మెత్తగా తెలుస్తుంది, అందుకే చాలామంది దాన్ని నెలల తరబడి పట్టించుకోకుండా నడుపుతారు.

ప్ర: అది మిస్సింగేనా, మరో జబ్బా అని ఎలా తెలుసుకోవాలి?

ఇంజన్ స్లోలో ఉండగా సైలెన్సర్ గొట్టం వెనక నిలబడి వినాలి. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ శబ్దం ఒకే వరుసలో వస్తుంది. మిస్ ఉంటే ఆ వరుసలో ‘ఫట్’ మని ఒక ఖాళీ పడుతుంది. ఆ ఖాళీ లెక్క తప్పకుండా వస్తే ఒకే సిలిండరు మీద అనుమానం పెట్టుకోవాలి. ఎప్పుడు పడితే అప్పుడు వస్తే అన్ని సిలిండర్లకూ ఉమ్మడిగా ఉన్న కాయిల్ (ప్లగ్గుకు కావలసిన అధిక వోల్టేజి పుట్టించేది), రోటర్ (తిరుగుతూ దాన్ని సిలిండర్లకు పంచేది), కండెన్సర్ (కాయిల్ స్విచ్చి దగ్గర రవ్వలు రాకుండా చూసేది) లేదా పెట్రోలు సరఫరా వైపు చూడాలి.

మరో పరీక్షకు కాగితం ముక్క చాలు. పోస్టుకార్డంత కాగితాన్ని గొట్టం నోటికి రెండంగుళాల దూరంలో వేలాడదీస్తే, అది బయటికి మాత్రమే ఎగురుతూ ఉండాలి. నడుమ నడుమ గొట్టం వైపు లాక్కుంటూ ఉంటే ఎగ్జాస్ట్ వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదేమో చూడాలి. ఆ స్థితిలో ప్లగ్గులు ఎన్ని మార్చినా ఫలితం ఉండదు.

ఇంజన్ సాఫీగా తిరుగుతూ, గేరు వేసి కదిలినప్పుడు మాత్రమే బండి అదిరితే అది క్లచ్ జబ్బో, ఇంజన్ మౌంటింగు రబ్బర్ల జబ్బో అయివుండవచ్చు.

ప్ర: ముందు ప్లగ్గులు, కాయిల్, వైర్లు అన్నీ మార్చేస్తే గొడవ వదిలిపోదా?

వదిలితే వదులుతుంది, కానీ ఏ భాగం వల్ల వదిలిందో తెలియదు. పైగా పాత బండ్ల సామాన్లలో నకిలీలు ఎక్కువగా ఉన్న ఈ రోజుల్లో, బాగున్న పాత భాగాన్ని తీసి బాగోలేని కొత్త భాగాన్ని బిగించుకునే ప్రమాదమూ ఉంది. అందువల్ల ఏ సిలిండరు, ఎప్పుడు, ఏ పరిస్థితిలో మిస్ కొడుతోందో తేల్చుకున్నాకే డబ్బు తీయాలి. ఒకసారికి ఒక్కటే మార్చి, బండి నడిపి చూసి, ఆ తర్వాతే రెండోదానికి చెయ్యి వేయాలి. తీసిన పాత భాగాన్ని మెకానిక్ దగ్గర వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోండి. సగం సార్లు అదే మళ్లీ పనికొస్తుంది.

ప్ర: ఏ సిలిండరు పని చేయడం లేదో ఇంట్లోనే కనిపెట్టగలమా?

కనిపెట్టవచ్చు. రెండు పద్ధతులు ఉన్నాయి.

మొదటిది తెల్లవారి చల్లటి ఇంజన్‌తో చేసేది. స్టార్ట్ చేసి ఒక నిమిషం స్లోలో ఉంచి, ఆపి, ఎగ్జాస్ట్ మానిఫోల్డులో ప్రతి సిలిండరు నుంచి బయటికి వచ్చే పాయ మీద చెంచాతో ఒక్కో నీటి బొట్టు వేయాలి. మండుతున్న సిలిండరు పాయ మీద బొట్టు చుర్రుమని ఎగిరిపోతుంది, మండని దాని మీద తీరిగ్గా జారుతుంది. పాయలు రేకు కవచం కింద దాగి ఉన్న బండ్లలో మాత్రం ఇది సాధ్యపడదు.

రెండోది ప్లగ్గు వైర్లను ఒక్కొక్కటిగా తొలగించి చూడటం. ఇంజన్ ఆపి ఒక వైరు పీకి, దాని కొనకు స్పేర్ ప్లగ్గు తగిలించి, ఆ ప్లగ్గు లోహభాగం ఇంజన్ బాడీకి గట్టిగా ఆనేలా కట్టి, అప్పుడు స్టార్ట్ చేయాలి. ఇంజన్ ఇంకా కుంటుపడితే ఆ సిలిండరు అప్పటివరకు పని చేస్తున్నట్టు. ఏ మార్పూ లేకపోతే దొంగ దొరికినట్టే. నడుస్తున్న ఇంజన్ మీద ఉత్త చేత్తో వైరు పీకే అలవాటు మన మిస్త్రీలలో ఉంది గాని, దాన్ని అనుకరించవద్దు. షాక్ తగలడం ఒక ప్రమాదమైతే, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్న బండ్లలో వైరును గాలిలో వదిలేస్తే కాయిల్, మాడ్యూల్ రెండూ దెబ్బతినవచ్చు.

దొరికిన సిలిండరు ప్లగ్గును పక్క సిలిండరుకు మార్చి చూడాలి. మిస్ కూడా దానితోపాటు పక్కకు పోతే ప్లగ్గు దోషం. పోకపోతే వైరును మార్చి చూడాలి. అదీ కాకపోతే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ (ప్లగ్గు వైర్లు బయలుదేరే మూత), ఆపైన కంప్రెషన్ (సిలిండరు లోపలి ఒత్తిడి).

ప్ర: ప్లగ్గు రంగు చూసి ఏం చెప్పవచ్చు?

బిస్కట్టు రంగు ఉంటే మంటకు లోటు లేదు. పొడిగా, మసిగా, వేలికి అంటే నలుపు ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. చోక్ (చల్లటి ఇంజన్ స్టార్ట్ కావడానికి గాలిని తగ్గించే రేకు) పూర్తిగా తెరుచుకోకపోవడం, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు ఇందుకు సాధారణ కారణాలు. జిడ్డుగా తడిగా ఉంటే సిలిండరులోకి ఇంజన్ ఆయిల్ దిగుతోంది. పెట్రోలు వాసనతో తడిగా ఉంటే ఆ సిలిండరులో నిప్పు పడటమే లేదు. తెల్లబడి, కొన దగ్గర చిన్న బొబ్బల్లా ఉంటే గాలి, పెట్రోలు మిశ్రమంలో పెట్రోలు తగ్గి పలచబడిందనో, ఇంజన్ అతిగా వేడెక్కుతోందనో అర్థం. మిగిలినవన్నీ మురికిగా ఉండి ఒక్క ప్లగ్గు మాత్రం కడిగినట్టు శుభ్రంగా ఉంటే సంతోషించకండి, ఆ సిలిండరులోకి రేడియేటర్ నీరు చేరుతూ ఉండవచ్చు.

ప్లగ్గు కొనల మధ్య గ్యాప్ విషయంలో, పాయింట్లు (కాయిల్ కరెంటును తెంచి కలిపే స్విచ్చి) ఉన్న బండ్లకు హ్యాక్సా బ్లేడు మందం, అంటే సుమారు 0.6 మిల్లీమీటర్లు, సరిపోతుందని పాత మిస్త్రీలు చెప్పేది నిజమే. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చాక గ్యాప్ పెరిగింది. బండి పుస్తకంలో ఉన్న అంకెనే ఫీలర్ గేజితో (సందును కొలిచే సన్న రేకులతో) పెట్టాలి.

ప్ర: వాన పడితేనే మిస్ వస్తోంది, ఎండ కాస్తే పోతోంది. ఎందుకు?

మన ప్రాంతంలో ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. ప్లగ్గు దగ్గరికి వెళ్లే కరెంటు వేల వోల్టుల ఒత్తిడితో వెళ్తుంది. దానికి తేమ, మురికి కలిసిన ఏ ఉపరితలం దొరికినా ప్లగ్గు గ్యాప్ దూకడం మాని ఆ అడ్డదారినే ఇంజన్ బాడీకి చేరిపోతుంది. క్యాప్ లోపల అలాంటి దారి ఒకసారి పడిందంటే అక్కడ బొగ్గు గీత ఏర్పడుతుంది. బొగ్గు కూడా కరెంటు వాహకమే కాబట్టి, ఆ తర్వాత సన్నటి మంచు పట్టినా చాలు, మిస్ మొదలవుతుంది.

ఇది నాకు నా మారుతి 800 నేర్పిన పాఠం. ఒక శ్రావణ మాసంలో సాలూరు నుంచి కొరాపుట్ వెళ్తూ సుంకి దాటాక రెండో గేరులో బండి తన్నడం మొదలుపెట్టింది. అంతకు పదిహేను రోజుల ముందే ఒక వర్క్‌షాపులో ప్లగ్గులు, కాయిల్, పెట్రోలు ఫిల్టరు వరుసగా మార్పించి ఉన్నాను. బానెట్ ఎత్తి, వానలో తడుస్తూ ప్లగ్గు పాన కోసం వెతుకుతుంటే, వెనక ఆగిన లారీ డ్రైవరు దిగి వచ్చి, “ప్లగ్గులు తర్వాత చూద్దురుగాని మాస్టారూ, ముందు ఆ మూత తియ్యండి” అన్నాడు. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి చూస్తే, అన్నం గిన్నె మూత లోపల పట్టినట్టు ఆవిరి బొట్లు. తన తువ్వాలు పొడి కొసతో ఆయన తుడిచాక, రెండు టెర్మినళ్ల నడుమ పెన్సిలుతో గీసినట్టు ఒక నల్లటి గీత బయటపడింది. గీతను చాకు మొనతో గీకి మళ్లీ బిగిస్తే బండి జయపురం దాకా ఒక్క తన్ను కూడా తన్నకుండా వచ్చింది. కొత్త క్యాప్ ఆ మర్నాడే కొన్నాను. గీకడం ఇంటికి చేరడానికి పనికొచ్చే ఉపాయమే తప్ప మరమ్మతు కాదు, గీత మళ్లీ పడుతుంది.

వైర్లను పరీక్షించాలంటే చీకటి పడ్డాక బానెట్ ఎత్తి, ఇంజన్ నడుస్తుండగా, చేతులు దూరంగా ఉంచి, వాటి మీద సన్నగా నీళ్లు చిలకరించాలి. పగిలిన చోట నీలి మెరుపులు కనిపిస్తాయి. ఇన్సులేషన్ చెడిన వైరుకు టేపు చుట్టవద్దు, మార్చేయండి. వాటర్ సర్వీసింగ్ చేయించే ముందు డిస్ట్రిబ్యూటర్, కాయిల్ మీద ప్లాస్టిక్ కవరు కట్టమని అడగండి. సర్వీసింగ్ మర్నాడే మిస్ మొదలైందంటే కారణం కోసం వేరే చోట వెతకక్కరలేదు.

ప్ర: చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది, అరగంట నడిచాక మిస్ కొడుతుంది. కాసేపు ఆపితే మళ్లీ బాగవుతుంది.

పాయింట్లు ఉన్న బండి అయితే కండెన్సర్‌ను ముందు అనుమానించాలి, తర్వాత కాయిల్‌ను. రెండూ వేడికి లోపల తెగి, చల్లబడ్డాక మళ్లీ అతుక్కుంటాయి. మామూలు 12 వోల్టుల కాయిల్‌లో ప్రైమరీ చుట్ట రెసిస్టెన్స్ 3 ఓములకు అటూ ఇటూగా ఉంటుంది. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడే మీటరుతో కొలవాలి. చల్లారాక కొలిస్తే అది బాగానే చూపించి మనల్నే బోల్తా కొట్టిస్తుంది. కండెన్సర్‌ను కొలవడం కంటే మార్చి చూడటమే తేలిక. ఈ పేజీలో పరీక్షించకుండా మార్చమని చెబుతున్న భాగం ఇదొక్కటే.

పాయింట్లను గమనిస్తే కండెన్సర్ సంగతి అవే కొంత చెబుతాయి. ఒక పాయింటు మీద గుంట, ఎదుటి దాని మీద మొటిమ ఏర్పడితే కండెన్సర్ విలువ సరిపోవడం లేదన్నమాట. జీరో నంబరు గరుకు కాగితంతో రుద్దితే దాని పొడి పాయింట్ల మధ్య ఇరుక్కుంటుంది. సన్నటి ఆకురాయితో ఒకసారి సరిచేసి, పొడి గుడ్డతో తుడిచి, గ్యాప్ 0.4 మిల్లీమీటర్ల ప్రాంతంలో, బండి పుస్తకం చెప్పినట్టు, పెట్టాలి. గ్యాప్ మారితే టైమింగు (నిప్పు పడే సమయం) కూడా మారుతుందని మరచిపోవద్దు.

వేసవిలో, ముఖ్యంగా రాయగడ వైపు ఎండల్లో, ఇదే లక్షణం పెట్రోలు గొట్టంలో ఆవిరి పట్టడం వల్ల కూడా వస్తుంది. ఇంజన్‌కు బిగించిన మెకానికల్ పంపు మీద తడిగుడ్డ వేసినప్పుడు అయిదు నిమిషాల్లో బండి కోలుకుంటే దోషం ఇగ్నిషన్‌ది కాదు.

ప్ర: వైర్లన్నీ ఒకేసారి పీకాను. ఇప్పుడు బండి స్టార్ట్ కావడం లేదు, కార్బొరేటర్‌లోంచి పేలుతోంది.

వైర్ల వరుస తప్పింది. మారుతి 800 మండే క్రమం 1-3-2, అంబాసిడర్, పద్మినిలది 1-3-4-2. రోటర్ ఏ దిశలో తిరుగుతుందో చూసి, ఆ దిశలోనే ఈ క్రమంలో వైర్లు పెట్టాలి. ఈసారి పీకే ముందు ఫోనుతో ఫొటో తీసుకోండి.

ప్ర: సాలూరులో ట్యూనింగ్ చేయించాను. కొరాపుట్ చేరేసరికి బండి బరువుగా, ఉక్కిరిబిక్కిరిగా ఉంటోంది.

కొరాపుట్ సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి కింది మైదానం కంటే దాదాపు పదో వంతు పలచన. కార్బొరేటర్‌కు ఆ సంగతి తెలియదు. గాలి తగ్గినంత మేరకు పెట్రోలు తగ్గించకపోవడంతో మిశ్రమం చిక్కబడుతుంది, ప్లగ్గులు మసిబారుతాయి, స్లోలో మిస్ వస్తుంది. ఎప్పుడూ పైనే ఉండే బండిని పైనే ట్యూన్ చేయించాలి. కొరాపుట్ దగ్గరి సునాబెడలో మిగ్ విమానాల ఇంజన్లు తయారవుతాయి కాబట్టి ఇంజన్ భాష తెలిసినవాళ్లకు ఆ చుట్టుపక్కల కరవేమీ లేదు. వారానికోసారి ఘాట్ దిగి ఎక్కేవారు మాత్రం మధ్యస్థంగా పెట్టుకుని, పైకి వచ్చినప్పుడు స్లో కొంత బరువుగా ఉన్నా సర్దుకుపోవడం మేలు.

ప్ర: ఇథనాల్ కలిపిన పెట్రోలు వల్ల మిస్ వస్తుందా?

రావచ్చు, కానీ ప్రతి మిస్‌నూ దాని నెత్తిన వేయడం సరికాదు. పెట్రోలులో 10 శాతం ఇథనాల్ లక్ష్యాన్ని దేశం 2022లో అందుకుంది, 20 శాతం కలిపినది 2023లో పంపుల్లోకి రావడం మొదలైంది. ఇథనాల్‌లోనే ప్రాణవాయువు ఉంటుంది కాబట్టి, తనంతట తాను సరిచేసుకోలేని పాత కార్బొరేటర్‌లో మిశ్రమం పలచబడుతుంది. పలచని మిశ్రమం అంటుకోవడానికి మొరాయిస్తుంది. చలి ఉదయాల్లో, తేలికగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు అది మిస్‌గా బయటపడుతుంది. ఇందులో ఒక చిత్రం ఉంది. పైన చెప్పినట్టు ఎత్తుకు వెళ్తే మిశ్రమం చిక్కబడుతుంది, ఇథనాల్ వల్ల పలచబడుతుంది. కొరాపుట్‌లో ఒకదాన్నొకటి కొంతవరకు సరిపెట్టుకుంటాయి. సముద్రం పక్కనున్న బరంపురంలో ఆ వెసులుబాటు లేదు కనుక, అక్కడి కార్బొరేటర్ బండ్లకే ఈ ఇబ్బంది ఎక్కువ.

అంతకంటే నిజమైన బెడద రబ్బరుది, తుప్పుది. పాత పెట్రోలు గొట్టాలు, పంపు డయాఫ్రం ఇథనాల్‌కు ఉబ్బి పగులుతాయి. ట్యాంకు అడుగున ఏళ్లుగా పేరుకున్న మడ్డి కదిలి ఫిల్టరుకు, కార్బొరేటర్‌లోని జెట్లకు (పెట్రోలు వచ్చే సన్న రంధ్రాలకు) అడ్డుపడుతుంది. గొట్టాలన్నీ ఒకసారి ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్చి, మొదటి రెండు మూడు ట్యాంకుల తర్వాత ఫిల్టరు మార్చండి.

బండి నెలల తరబడి కదలకుండా ఉంటే ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి ట్యాంకు అడుగుకు విడిపోతాయి. అప్పుడు ఇంజన్‌కు ముందుగా అందేది ఆ అడుగు ద్రవమే. ట్యాంకు నుంచి గాజు సీసాలోకి కొంచెం తీసి గంటసేపు కదపకుండా ఉంచితే, పొరలు విడిగా కనిపిస్తాయి. లోపలి ఊళ్లలో కిరాణా కొట్లలో సీసాల్లో అమ్మే పెట్రోలు పోయించుకున్నాక మిస్ మొదలైతే ఈ పరీక్షే ముందు చేయండి.

ప్ర: స్లోలో మాత్రమే మిస్, రేస్ చేస్తే పోతుంది.

ఎక్కడో అదనపు గాలి లోపలికి దూరుతోంది. కార్బొరేటర్ అడుగు గ్యాస్కెట్, మానిఫోల్డు గ్యాస్కెట్, బ్రేకు బూస్టరు గొట్టం, పగిలిన సన్న వాక్యూమ్ గొట్టాలు చూడాలి. బూస్టరు గొట్టాన్ని ప్లాస్‌తో నొక్కిపట్టినప్పుడు ఇంజన్ కుదుటపడితే లోపం అటువైపే. కొందరు కార్బ్ క్లీనర్ చిమ్మి వెతుకుతారు, వేడి ఇంజన్ మీద అది అంటుకునే ప్రమాదం ఉంది, కనుక నీళ్లే చాలు. వాక్యూమ్ గేజి (ఇంజన్ గాలిని పీల్చే బలాన్ని కొలిచేది) ఉంటే మైదానంలో 17 నుంచి 21 అంగుళాల పాదరసం చూపించాలి, కొరాపుట్‌లో దానికి సుమారు మూడంగుళాలు తక్కువ చూపించడం సహజం. జెట్లో చెత్త ఇరుక్కున్నా ఇదే లక్షణం కనిపిస్తుంది.

ప్ర: అన్నీ చూశాం, ఒక సిలిండరు ఇంకా చచ్చే ఉంది.

కంప్రెషన్ కొలిపించండి. ఇంజన్ వేడిగా ఉండాలి, ప్లగ్గులన్నీ తీయాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచాలి. అంకె ఎంత ఉందన్నదాని కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. ఒకటి మిగిలినవాటి కంటే 15 శాతానికి మించి తక్కువ ఉండకూడదు. తక్కువ ఉన్న సిలిండరులో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే, అంకె బాగా పెరిగినట్లయితే పిస్టన్ రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వులు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి తక్కువ చూపిస్తే వాటి నడుమ హెడ్ గ్యాస్కెట్ పోయింది.

వాల్వు అనుకున్నప్పుడు ముందు ట్యాపెట్ గ్యాప్ (వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు) చూడాలి. గ్యాప్ మరీ తగ్గిపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, ఎంతో ఖర్చవుతుందనుకున్న జబ్బు ఫీలర్ గేజితో పోతుంది. ట్యాపెట్ పెట్టిన కొన్నాళ్లకే గ్యాప్ మళ్లీ మళ్లీ తగ్గిపోతుంటే వాల్వు సీటు కుంగుతోందని అర్థం. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరితో ఆగిపోయింది. అంతకు ముందటి కాలపు ఇంజన్లకు ఆ సీసమే సీట్లను కాపాడే మెత్తలా ఉండేది. అలాంటి ఇంజన్‌కు హెడ్ దించినప్పుడు గట్టి సీట్లు వేయించడమే శాశ్వతమైన మార్గం.

ప్ర: పొల్యూషన్ చీటీ వల్ల ఏమైనా తెలుస్తుందా?

చాలా తెలుస్తుంది, కానీ దాన్ని మడిచి డ్యాష్‌బోర్డులో పెట్టేస్తాం. అందులో కార్బన్ మోనాక్సైడ్ శాతం, హైడ్రోకార్బన్ (మండని పెట్రోలు) పీపీఎం (పది లక్షల్లో ఎన్ని భాగాలు) అని రెండు అంకెలు ఉంటాయి. బీఎస్-2 (భారత్ స్టేజ్-2 కాలుష్య ప్రమాణాలు)కు ముందటి పెట్రోలు కార్లకు ఇవి 3 శాతం, 1500 పీపీఎం దాటకూడదు. హైడ్రోకార్బన్ బాగా పెరిగి కార్బన్ మోనాక్సైడ్ మామూలుగా ఉంటే పెట్రోలు మండకుండా బయటికి పోతోంది, ఇగ్నిషన్ వైపు చూడాలి. రెండూ పెరిగితే మిశ్రమం చిక్కగా ఉంది. హైడ్రోకార్బన్ పెరిగి కార్బన్ మోనాక్సైడ్ మరీ తగ్గితే మిశ్రమం పలచబడి మిస్ అవుతోంది. పాత చీటీలు దాచి పక్కపక్కన పెట్టి చూస్తే, మిస్ చెవికి వినిపించకముందే అంకెల్లో కనిపిస్తుంది.

ప్ర: మాది ఎంపీఎఫ్ఐ బండి. తేడా ఏమిటి?

ప్లగ్గు, వైరు, కంప్రెషన్ సంగతులు అవే. సిలిండరును వేరు చేసి చూడటానికి ప్లగ్గు వైరుకు బదులు ఇంజెక్టరు కనెక్టరు తీయాలి, అప్పుడు మండని పెట్రోలు బయటికి పోదు. ఇంజన్ కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే స్కానర్ తగిలే బండి అయితే పీ0300 అంటే ఏ సిలిండరో తేలని మిస్, పీ0301 అంటే ఒకటో సిలిండరు, పీ0302 అంటే రెండోది. ఆ కోడ్ సిలిండరును చూపిస్తుందే గాని చెడిన భాగాన్ని చెప్పదు.

ప్ర: మిస్‌తోనే కొన్నాళ్లు నడపవచ్చా?

దగ్గర్లోని వర్క్‌షాపు వరకు నడపవచ్చు. అంతకు మించి నడిపితే మండని పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిల్‌ను కడిగేసి అడుగున ఇంజన్ ఆయిల్‌ను పలచన చేస్తుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుద్ధి చేసే భాగం) ఉన్న బండిలో ఆ పెట్రోలు అక్కడ మండి, కన్వర్టర్‌ను ఎర్రగా కాల్చి పాడుచేస్తుంది. అలా కాలుతున్న బండిని ఎండుగడ్డి మీద ఆపవద్దు.

ప్ర: మెకానిక్ దగ్గరికి వెళ్లినప్పుడు ఏం చెప్పాలి?

“మిస్ కొడుతోంది” అని మాత్రమే చెబితే ప్లగ్గుల నుంచి మొదలవుతుంది. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, స్లోలోనా, ఘాట్ ఎక్కేటప్పుడా, వానలోనా, ఎండలోనా, చివరిసారి పెట్రోలు ఎక్కడ పోయించారు, చివరిసారి ఏ భాగం మార్చారు అన్నవి కాగితం మీద రాసి ఇవ్వండి. ఒడియా మిస్త్రీ అయినా, తెలుగు మిస్త్రీ అయినా ఆ కాగితం చూశాక ముందు ఎత్తేది క్యాపో, కార్బొరేటరో తేల్చుకుంటాడు.